తృష్ణామాపకం

అయినా శిరస్త్రాణం లోపలి ఆ చెమట ఎంత తుడిచినా జిడ్డుగానే ఉంటుందేం, అనుకుంటోంది డాక్టర్ ఐరావతి. ఉదయం నుంచి నలభై తలలు. ఒకాయన యంత్రానికి కొబ్బరికాయ కొట్టబోయాడు. ప్రశాంతంగా కనబడాలని నెలరోజులు ఆశ్రమంలో ఉండి వచ్చిన ఇంకొకాయన అరనిమిషంలో తొంభై దాటేశాడు. 

2081లో ఢిల్లీలో మంత్రివర్గ పునర్వ్యవస్థీకరణ అంటే ఇదే. తృష్ణామాపకం ఆమె కనిపెట్టిందే. తలకు తొడిగితే, 'మీ పదవి పోయింది' అన్న దృశ్యాన్ని అది మెదడుకు చూపిస్తుంది. అప్పుడు భయకేంద్రమైన ఎమిగ్డలాలో రేగే విద్యుత్తును కొలిచి, నూటికి ఒక అంకె ఇస్తుంది. అంకె ఎంత పెద్దదైతే అధికారదాహం అంత ఎక్కువ. దాహం లేనివాళ్ళే దేశాన్ని ఏలాలన్నది ఆమె ఇరవై ఏళ్ళ కల. పరీక్షాఫలితాలను పరిగణనలోకి తీసుకోవాలని చట్టం కూడా వచ్చింది. ఈ పరీక్షా కేంద్రం డైరెక్టర్‌గా ఆమె సంతకం లేనిదే జాబితా రాష్ట్రపతి దగ్గరికి వెళ్ళదు.

ప్రధాని కార్యదర్శి పురుషోత్తం జాబితా తెచ్చి బల్లమీద పెట్టాడు. గుంటూరు మనిషి. ఆమెతో తెలుగే మాట్లాడతాడు.

"సంతకం పెట్టెయ్యండి మేడమ్ గారూ. ఆదివారం కదా, నాలుగున్నరకి రాహుకాలం. ఈలోగా ప్రమాణాలు అయిపోవాలంట."

ఐరావతి చదివింది. తొంభై ఆరు. తొంభై నాలుగు. తొంభై ఒకటి. పన్నెండు వచ్చిన ఆరోగ్యమంత్రి ఫల్గుణి పేరు లేదు. కొండ ఊళ్ళలో జ్వరాల ఆసుపత్రులు కట్టించిన మనిషి.

"ఇది తలకిందులుగా ఉంది."

"సరిగ్గానే ఉందండీ. పన్నెండు మనిషిని ఏం చూపించి లొంగదీస్తాం? పొమ్మంటే సంచీ సర్దుకుని పోద్ది. తొంభై ఆరైతే కూర్చోమన్నచోట కూర్చుంటాడు. ఇదివరకు ఎవడు ఎంతకి లొంగుతాడో తెలిసి చచ్చేది కాదు. మీ మిషనంటే పెద్దాయనకి ప్రాణం!"

"ఛీ! నేను పెట్టను."

"పెడతారండి." పురుషోత్తం జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. "మొట్టమొదట దీన్ని మీమీదే పరీక్షించుకున్నారు కదా. తొంభై ఎనిమిది. అందుకేగా మిమ్మల్నే డైరెక్టర్ని చేసింది."

పరికరదోషమని ఏడేళ్ళుగా ఆమె తనకు తాను నచ్చజెప్పుకుంటున్న అంకె అది.

"తప్పంటారా? ఇప్పుడే పెట్టుకోండి. ఇరవైలోపు వస్తే ఈ జాబితా నేనే చింపేస్తా. ఫల్గుణి గారే ఉంటారు. లేదూ, మీ కుర్చీ ఎక్కి సంతకం పెట్టడానికి మీ డిప్యూటీ గారు పొద్దుట్నుంచీ బయట కూర్చునున్నారు. ఆయనదీ తొంభై ఏడేలెండి, పాపం!"

శిరస్త్రాణం చేతికందేంత దూరంలో ఉంది. ఐరావతి దాన్ని తాకలేదు. తన కుర్చీలో డిప్యూటీ కూర్చోవడం, తలుపుమీద తన పేరుపలక ఊడదీయడం ఆమెకు స్పష్టంగా కనబడింది. నోరు ఎండిపోయింది. ఎదుటివాడి చిరునవ్వు కంటే, ఎండిపోయిన ఆ నోరే ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది.

ఆమె కలం తీసి సంతకం చేసింది. దాని కింద తన హోదాను పూర్తిగా, ఒక్క అక్షరం వదలకుండా, గుండ్రంగా రాసింది.