గద్దలగుట్టకు పూల స్వాగతం

సీక్రెట్ ఏజెంట్ హనుమంతు చచ్చిపోయే ముందు చివరిగా చూసింది గద్దలగుట్టనే.

ఖానాపూర్ దాటాక అడవి రోడ్డు పక్కన జీపు ఆపి, బైనాక్యులర్స్‌లోంచి కొండకొమ్మును పరిశీలిస్తున్నాడు. వెనక సీటు కింద ముడుచుకున్న మనిషి చడీచప్పుడూ లేకుండా లేచాడు. సన్నటి ఉక్కుతీగ హనుమంతు మెడకు బిగిసింది. కాళ్లు టపటపా తన్నుకున్నాయి. ముందు అద్దం పగిలింది. స్టీరింగ్ మీదికి రక్తం ధారగా కారింది. హంతకుడు ఆ తీగను హనుమంతు చొక్కాకే తుడుచుకుని తాపీగా అడవిలోకి వెళ్లిపోయాడు.

అది 1965. సరిహద్దులో తుపాకులు ఆగి ఎక్కువ రోజులు కాలేదు.

మర్నాడు కరీంనగర్ గెస్ట్‌హౌస్‌లో, మూసిన తలుపుల వెనక నలుగురు కూర్చున్నారు. సీక్రెట్ సర్వీస్ చీఫ్. ఢిల్లీ నుంచి వచ్చిన ఆఫీసర్ మల్హోత్రా. ఏజెంట్ అనసూర్య. ఏజెంట్ అంబదాస్. ఇతను సిరిసిల్లలో బట్ట నేసే సాలోళ్ల బిడ్డ, కోడ్ నేమ్ ‘నాడె’. తండ్రి మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపిన నాడెను అంబదాస్ ఎప్పుడూ జేబులోనే ఉంచుకునేవాడు. దాని ఇనపకొనలకు ఇప్పుడు కత్తి పదునుంది.

టేబుల్ మీద మ్యాప్. మ్యాప్‌లో గద్దలగుట్ట. కడెం వాగు మీదికి ఒరిగిన ఆ కొండకొమ్మున ప్రభుత్వం సందర్శకుల కేంద్రం కట్టింది. ప్రారంభించేది డాక్టర్ యేసుదాసు. ఈ అడవుల్లో అరుదైన ఖనిజం కనిపెట్టిన శాస్త్రవేత్త. అది ఎక్కడుందో అతని బుర్రలో తప్ప ఏ కాగితం మీదా లేదు. శత్రుముఠాకు కావాల్సింది ఆ బుర్ర పగలడమే.

“విజిట్ క్యాన్సిల్ చేద్దామా?” చీఫ్ అడిగాడు.

“వద్దు సార్. గురువారం పెట్టండి,” అన్నాడు అంబదాస్. “కొండెక్కే ప్రతి మనిషినీ పోలీసులు వెతుకుతారు. పూలను మాత్రం ముట్టుకోవద్దని ఆర్డర్ ఇచ్చాను. బతుకమ్మ రోజులు. ఆడవాళ్లు నొచ్చుకుంటారు.”

మల్హోత్రా మొహం చిట్లించాడు. అనసూర్య నవ్వింది.

“మంచిగ జేసినవ్ అంబదాస్. నేను జమ్మికుంట పిల్లను. మా దిక్కు పూలను పోలీసోళ్లు తడిమితే ఊకుంటరా?”

ఆ నవ్వంటే అంబదాస్‌కు ప్రాణం. నాగపూర్‌లో అతని భుజంలోని బుల్లెట్‌ను ఆమే తీసింది. ఈ పని అయ్యాక పెళ్లి మాట ఎత్తుదామనుకుంటున్నాడు.

హనుమంతు ప్రయాణం సంగతి ఆ గదిలో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ద్రోహి అక్కడే ఉన్నాడు. అంబదాస్ అనుమానమంతా మల్హోత్రా మీదే.

గురువారం పొద్దున అంబదాస్ వంటవాడి వేషంలో కొండమీద ఉన్నాడు. భుజాన తువ్వాలు, చేతిలో పొగలు కక్కే చాయ కెటిల్. యేసుదాసు జీపును కింది మలుపులోనే ఆపించాడు. తను కబురు పంపేదాకా కదలకూడదు.

ఊరి ఆడవాళ్లు కుంకుమ భరిణెలతో వచ్చారు. ఒక్కరి చేతిలోనూ బతుకమ్మ లేదు. మల్హోత్రా వచ్చాడు. అతనివీ ఖాళీ చేతులే.

తర్వాత అనసూర్య కారు ఆగింది. నీలం పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. డ్రైవర్ డిక్కీలోంచి తాంబాళం దించి ఆమె చేతికిచ్చాడు. దాని మీద గునుగు, తంగేడు పేర్చిన నిండు బతుకమ్మ.



ఆనాడు ఆరో రోజు. అలిగిన బతుకమ్మ. అతను పుట్టిపెరిగిన నేల మీద ఏ ఆడబిడ్డా ఆ రోజు బతుకమ్మ పేర్చదు. సిరిసిల్లలో అతని తల్లి తాంబాళాన్ని గోడకు బోర్లించి పెట్టేది. అందుకే అతను గురువారం ఎంచుకున్నాడు. ఆ రోజు బతుకమ్మలో బాంబు దాచి తెచ్చేవాడు ఈ నేల సంగతి తెలియని పరాయివాడై ఉంటాడు. ఉచ్చు పన్నింది మల్హోత్రా కోసం. జమ్మికుంట పిల్ల అందులో పడనే పడదు.

పడింది. అంటే ఆమె జమ్మికుంట పిల్లే కాదు.

ఇంతలో అతని ప్లాన్‌లో లేని మనిషి వచ్చింది. యేసుదాసు తల్లి సాయవ్వ. కొడుకును చూద్దామని పొద్దున్నే ఎడ్లబండి ఎక్కి వచ్చిన ముసలమ్మ. అనసూర్య తాంబాళం అడుగున చిన్న మర తిప్పి, దాన్ని ఆమె చేతుల్లో పెట్టింది.

“అవ్వా, నీ కొడుక్కు నువ్వే ఇయ్యి.”

“మేం చర్చికి పోయేటోళ్లం బిడ్డా. అయినా ఇయ్యాల బతుకమ్మేంది?”

“పూలే గద అవ్వా, పట్టుకో.”

కింది మలుపులోంచి యేసుదాసు తల్లిని చూశాడు. గార్డును తోసేసి “అవ్వా!” అంటూ మెట్లెక్కి పరుగెత్తుకొస్తున్నాడు.

అంబదాస్ దూకాడు. డ్రైవర్ అడ్డం వచ్చాడు. వాడి చేతిలో సన్నటి ఉక్కుతీగ! హనుమంతును చంపింది వీడే. కెటిల్‌లోని చాయంతా వాడి మొహాన పడింది. వాడు గావుకేక పెడుతూనే తీగను అంబదాస్ మెడకు బిగించాడు. చర్మం తెగింది, నెత్తురు కారింది. అంబదాస్ నాడె తీసి వాడి పక్కటెముకల మధ్య సగందాకా దించాడు. వాడు కూలాడు. అంబదాస్ నాడె లాక్కుని పరుగెత్తాడు.

పూలలోంచి టిక్ టిక్. యేసుదాసు తల్లి ముందుకు వచ్చేశాడు, చేతులు చాచాడు. అంబదాస్ ఆ చేతుల మధ్యనుంచి తాంబాళం లాగి లోయలోకి విసిరేశాడు.

కొండ అదిరింది. కేంద్రం అద్దాలన్నీ పగిలిపోయాయి. ఇత్తడి ముక్క ఒకటి మల్హోత్రా తొడలో దిగింది. తంగేడు రెక్కలు అందరి తలల మీదా రాలాయి.

అనసూర్య చేతిలో పిస్టల్ మెరిసింది. యేసుదాసుకు గురి పెట్టింది. సాయవ్వ కొడుక్కు అడ్డం నిలబడింది. బుల్లెట్ ముసలామె భుజాన్ని చీల్చుకుపోయింది. రెండో బుల్లెట్ పేలకముందే అంబదాస్ విసిరిన నాడె అనసూర్య మణికట్టులో దిగింది. ఆమె వెనక్కి తూలింది, పగిలిన రెయిలింగ్ విరిగింది. ఇప్పుడు ఒంటి చేత్తో కొండ అంచున వేలాడుతోంది.

అంబదాస్ బోర్లా పడుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఎట్ల తెలిసింది?” ఆమె రొప్పుతూ అడిగింది.

“ఇయ్యాల బతుకమ్మ అలిగిన దినం. జమ్మికుంటల ఎవ్వలనడిగినా చెప్తుండె.”

ఆమె నవ్వింది. అదే నవ్వు. నెత్తురోడుతున్న చెయ్యి పైకి లేచింది. మణికట్టులో నాడె ఇంకా దిగే ఉంది. దాని రెండో కొనతో అంబదాస్ వేళ్ల మీద బలంగా పొడిచింది. పట్టు జారింది. నీలం చీర తిరుగుతూ తిరుగుతూ వాగులో కలిసిపోయింది.

మల్హోత్రా కుంటుకుంటూ వచ్చి అతని భుజం తట్టాడు. అంబదాస్‌కు అతని కళ్లలోకి చూడాలంటే సిగ్గేసింది.

లోపల బల్ల మీద సాయవ్వ భుజానికి యేసుదాసు తన చొక్కా చింపి కట్టు కడుతున్నాడు. ముసలామె గుమ్మంలో నిలబడిన అంబదాస్‌ను ఎగాదిగా చూసింది.

“గా పిల్ల నీకేమైతది బిడ్డా? కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నవ్.”

“ఏం గాదవ్వా. మా ఆఫీసు మనిషి.”

“ఆఫీసా? నువ్వు వంటోనివి గదా. జర చాయ పొయ్యి మరి, గొంతు ఎండుకపోయింది.”

అంబదాస్ తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, నేల మీద సొట్టలతో పడివున్న కెటిల్ అందుకున్నాడు.

“ఉన్నదంతా వాని మొఖం మీద పోసిన అవ్వా. జర ఆగు, మల్ల పెడ్త.”