మూడు పొరల గ్లాసు

"ఇదేటి?" అంది ధరణి.

చచ్చిన బల్లిని తోక పట్టుకుని ఎత్తినట్టు గ్లాసును రెండు వేళ్ళతో పైకెత్తింది.

"ఉద్దానం సన్‌సెట్ అండి. మా షాపు స్పెషల్," అన్నాడు యువరాజు గర్వంగా. "కింద ఎరుపు, మధ్యన తెలుపు, పైన నీలం. దేనికదే నిలబడతాది. గోవా రిసార్టులో పనిచేసినప్పుడు నేర్చుకున్నాను."

"గోవాలో సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. మన దగ్గర సముద్రంలోంచి లేత్తాడు. బోర్డు మీద డోకులపాడు యువరాజు అని ఊరి పేరు కూడా రాసుకున్నావు. ఆ ఊళ్ళో పుట్టి ఇంతవరకూ ఒక్క పొద్దయినా సూడలేదేటి?"

పక్కన బాదంపాలు తాగుతున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. కాశీబుగ్గలో జ్యూస్ షాపు పెట్టాక యువరాజు చాలామంది కస్టమర్లను చూశాడు. తాగి బాగోలేదన్నవాళ్ళున్నారు. తాగకుండానే తీసిపారేసిన మనిషిని మాత్రం ఇదే చూడడం.

"గ్లాసు అలా ఊపకండి, కలిసిపోతాది," అన్నాడు.

అప్పటికే కలిసిపోయింది. ధరణి దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

"సన్‌సెట్ అయిపోయింది. ఇప్పుడిది వరదొచ్చిన వంశధార."

ఆమె తీరే అంత. తండ్రికి ఒంట్లో బాగోక జీడిపప్పు ఫ్యాక్టరీ తనే చూసుకోవలసి వచ్చినప్పటి నుంచి, పప్పును విరగనిది గుండు, సగమైతే బద్ద, విరిగితే ముక్క అని విడదీసే చూపుతోనే మనుషుల్నీ చూసేది. గుండు అనిపించుకున్న మగవాడు పలాసలో ఇంకా తేలలేదు.

"ఒకటో తారీకు మధ్యాహ్నం మా ఇంట్లో న్యూ ఇయర్ పార్టీ. చుట్టాలు, వ్యాపారస్తులు వత్తారు. మందు ఉండదు. మందు లేదని ఎవడూ మొహం మాడ్చుకోకూడదు. అలాంటి డ్రింక్ కావాలి."

"నా డ్రింక్ బాగోలేదన్నారు కదండీ?"

"బాగోలేదు. బాగా సేసేవోడు బరంపురం పెళ్ళికి ఎల్లిపోయాడు. రేపు మా ఇంటికొచ్చి ఒకసారి సేసి సూపించు. అప్పుడు ఆలోచిత్తాను."

స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. యువరాజు ఆ వరద నీళ్ళను సింకులో ఒంపుతూ, 'ఈవిడ ఇంటికి నేను పోను' అనుకున్నాడు. మర్నాడు పదింటికల్లా ఆ ఇంటి గుమ్మం ముందు ఐస్‌పెట్టెతో నిలబడ్డాడు.

వరండాలో పడక్కుర్చీలో ధరణి తండ్రి కూర్చున్నాడు. పేరు మన్మథరావు. ఆ పేరు పెట్టినవాళ్ళు తర్వాత ఆయన మొహం చూసి తప్పకుండా బాధపడి ఉంటారు. అల్పపీడనం తెచ్చిన ఆ ఉక్కలోనూ నిండు చేతుల చొక్కా గుండీ పెట్టుకుని ఉన్నాడు.

"నీ పేరేటి?"

"యువరాజండి."

"ఏ రాజ్యానికి?"

యువరాజు నవ్వబోయి, అవతలి మొహం చూసి మానుకున్నాడు. కూతురి నోరు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది.

బల్ల మీద గ్లాసులు సర్దుతుండగా, చెన్నై నుంచి ఎవరో ఫోన్ చేస్తే ధరణి మాట్లాడుతూ లోపలికి వెళ్ళింది. మన్మథరావు కుర్చీలో కొద్దిగా ముందుకు జరిగాడు.

"ఆ తెల్లదేటిరా?"

"లేత కొబ్బరినీళ్ళలో కొబ్బరిపాలు కలిపానండి. మా తోటలో కాయలే."

ఆయన లోపలి గుమ్మం వైపు ఓసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "రంగులక్కర్లేదు. అదొక్కటే పెద్ద గ్లాసుతో ఇయ్యి," అన్నాడు.

యువరాజు పొంగిపోయాడు. ఈ ఇంట్లో తన డ్రింక్ అడిగిన మొదటి మనిషి! నిండా పోసి ఇచ్చాడు. మన్మథరావు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. పెదవుల దాకా తీసుకెళ్ళాడు.

"నాన్నా!"

ధరణి పరుగున వచ్చి గ్లాసు లాగేసింది. అది జారి గచ్చు మీద భళ్ళుమంది.

"బుద్ధుందా నీకు?" యువరాజు మీద విరుచుకుపడింది. "కిడ్నీ పేషెంటుకి కొబ్బరినీళ్ళిత్తావా? పొటాషియం పెరిగితే గుండె ఆగిపోద్ది! ఉద్దానంలో పుట్టినోడివి, ఈ మాత్రం తెలీదా? అడక్కుండా ఇచ్చీడమేనా?"

ఆ పెనుగులాటలో మన్మథరావు చొక్కా చేయి పైకి జరిగింది. మోచేతి కింద ఉబ్బిన నరం, దాని మీద సూది పోట్లకు అంటించిన ప్లాస్టర్లు. డయాలసిస్ చేయించుకునే చెయ్యి. ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానం మనిషికి అది ఎవరూ వివరించక్కర్లేదు.

యువరాజు మన్మథరావు వైపు చూశాడు. ఆయన చాలా శ్రద్ధగా సీలింగ్ ఫ్యాను చూస్తున్నాడు.

"తప్పయిపోయిందండి," అన్నాడు యువరాజు.

"నీ సామాను తీసుకుని ఎల్లు. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు."

గాజుపెంకులు ఏరి, ఐస్‌పెట్టె భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర కూడా ధరణి తిట్టడం ఆపలేదు. "గోవా అంట! వాడికి ఇంగ్లీషు పేర్లు పెట్టడం తప్ప ఏటీ రాదు. మనిషి అన్నాక ఇంగితం ఉండాలి."

తల్లి ధనలక్ష్మి ఇంకో ఇడ్లీ వేసింది. మన్మథరావు దాన్ని తుంపుతూ కూర్చున్నాడు.

"గ్లాసు నేనే అడిగాను," అన్నాడు చివరికి.

"ఏటీ?"

"నేనే అడిగాను. నాకు జబ్బని ఆడికి తెలీదు. నువ్వు సెప్పలేదు, నేనూ సెప్పలేదు."

ధరణి చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. "మరి నేను అన్నన్ని మాటలంటుంటే వాడెందుకు సెప్పలేదు?"

"అదే నాకూ అర్థం కాలేదు," అన్నాడు మన్మథరావు చిరాగ్గా. "ఆడి సోట్లో నేనైతే ఎంటనే సెప్పేద్దును."

గంట తర్వాత కాశీబుగ్గ షాపు ముందు స్కూటీ ఆగింది. అల్పపీడనం తాలూకు తుంపర పడుతోంది. ధరణి చున్నీ తల మీద వేసుకుని లోపలికి వచ్చింది.

"సారీ సెప్పడానికి రాలేదు," అంది.

"మరి?"

"ఐసు కొనడానికి."

"ఇంత ముసురులోనా?"

"నా ఐసు, నా ఇష్టం." గోడ వైపు చూసింది. రేట్ల బోర్డులో సన్‌సెట్ కొట్టేసి సన్‌రైజ్ అని రాసి ఉంది. ఆమెకు నవ్వొచ్చింది. మొహం మీదకు రానివ్వలేదు. "నాన్న అంతా సెప్పేశాడు. నువ్వెందుకు నోరు మూసుకున్నావు? పెద్ద హీరో అనుకున్నావా?"

యువరాజు కౌంటరు తుడవడం ఆపాడు. "మా పెదనాన్న సన్యాసిరావని ఉండేవోడు. ఆయనకీ ఇదే జబ్బు. ఆఖర్న ఎవరొచ్చినా ఇలాగే గొంతు తగ్గించి బొండాం అడిగేవోడు. మేం ఇవ్వలేదు. తిట్టేవాళ్ళం. మీ నాన్నగారిని మీ చేత అలా తిట్టించబుద్ధి కాలేదు."

వాన పెద్దదైంది. ధరణి స్టూలు లాక్కుని కూర్చుంది.

"రెండేళ్ళ నుంచి ఏ ఫంక్షన్‌కెళ్ళినా ఇంతే," అంది. "అందరి సేతుల్లో గ్లాసులుంటాయి. నాన్న గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. మనం ఏటిచ్చినా ప్రమాదమే అని ఎవరూ ఏటీ ఇవ్వరు. రేపు మా ఇంట్లో కూడా అంతే."

"ఎంత తాగొచ్చు? ఏమేటి పడవు?" అన్నాడు యువరాజు.

"ఎందుకు?"

"అడిగిందానికి సెప్పండి. తిట్లు తర్వాత."

ధరణి ఆసుపత్రి డైటీషియన్‌కు ఫోన్ చేసింది. కొబ్బరి వద్దు, నారింజ వద్దు. కాసింత ద్రాక్ష, కాసింత పైనాపిల్ అయితే పర్లేదు. కానీ ఆ రోజు తాగే నీళ్ళ లెక్కలోంచి దాన్ని తగ్గించుకోవాలి.

"అంటే ఇంతే," అంది ధరణి, కౌంటరు మీద రసం కొలిచే చిన్న గ్లాసును చూపిస్తూ. "ఇందులో నీ మూడు పొరలు ఎక్కడ పడతాయి?"

"పడతాయి. తీపి ఎక్కువున్నది బరువు, కింద కూర్చుంటాది. తక్కువున్నది తేలతాది. గ్లాసు ఎంతయినా లెక్క ఒకటే."

ద్రాక్షరసాన్ని పంచదారతో చిక్కగా మరిగించి చల్లార్చాడు. పైనాపిల్ రసం వడకట్టాడు. శంఖుపూలు నానేసి నీలి నీళ్ళు తీశాడు. ధరణి ఊరుకోలేక, "ఇలా తే," అని గ్లాసు తీసుకుని ఒక్కసారిగా ఒంపేసింది. మూడూ కలిసి బురదయ్యాయి.

"వంశధార," అన్నాడు యువరాజు.

"నోర్ముయ్యి."

"ఓపిక లేదు మీకు. సెంచా తిరగేసి, దాని ఈపు మీద నుంచి జారనియ్యాలి. ఇదిగో, ఇలా."

చెంచా పట్టుకున్న ఆమె చేతిని వేలితో కొద్దిగా వంచాడు. పసుపుపచ్చ రసం గ్లాసు అంచు వెంట మెల్లగా జారి ద్రాక్ష మీద పరుచుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. తర్వాత నీలం. అది కూడా నిలబడింది. కింద ముదురు ఎరుపు, మధ్యన పసుపు, పైన ఆకాశం.

"పర్లేదు," అంది ధరణి.

ఆమె నోటి నుంచి ఆ మాట రావడం ఎంత అరుదో యువరాజుకు తెలీదు. అయినా చెవులు ఎర్రబడ్డాయి. వాన ఎప్పుడో ఆగిపోయిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. ఐసు కొనకుండానే ఆమె వెళ్ళిపోయింది.

ఒకటో తారీకు మధ్యాహ్నం డాబా మీద షామియానా వేశారు. అతిథులకు కొబ్బరి సన్‌రైజ్ పెద్ద గ్లాసుల్లో తిరుగుతోంది. టెక్కలి నుంచి రవిశంకర్ వచ్చాడు. తండ్రి స్నేహితుడి కొడుకు. ధరణికి ఖాయం చేస్తారని ఇరు కుటుంబాల్లో అనుకుంటున్నవాడు.

"న్యూ ఇయర్‌కి శరబత్తా, అంకుల్?" అంటూ స్ట్రా పెట్టి గిరగిరా తిప్పేశాడు. "ఎవరు సేశారిది? ఆ జాలరోళ్ళ కుర్రాడా? సేపల వాసన రావట్లేదు, సంతోషం."

కొందరు నవ్వారు. చిలకల బొమ్మల చొక్కాలో ఉన్న యువరాజు వినిపించుకోనట్టు ట్రే పట్టుకుని నేరుగా నడిచి, గోడ వైపు తిరిగి కూర్చున్న మన్మథరావు ముందు ఆగాడు. ట్రేలో ఒకే ఒక్క చిన్న గ్లాసు.

"ఇది మీదండి."

మన్మథరావు కూతురి వైపు చూశాడు. ధరణి తల ఊపింది. "ఆసుపత్రిలో అడిగాం నాన్నా. సాయంత్రం నీళ్ళలో తగ్గిత్తాను."

ఆయన గ్లాసును కళ్ళ దగ్గరకు తెచ్చుకుని మూడు రంగులనూ చూశాడు. మెల్లగా ఒక్కో పొరా చప్పరించాడు. ద్రాక్ష దగ్గరకు వచ్చేసరికి కళ్ళు తడిశాయి. దగ్గుతున్నట్టు నటించాడు. తర్వాత కుర్చీని అందరి వైపూ తిప్పుకున్నాడు.

"రవిశంకరూ," అన్నాడు. "దేనికదే నిలబెట్టి ఇచ్చిందాన్ని కలిపి బురద సేసుకున్నావు. తాగడం రానోడివి. సేసినోడి గురించి నీకెందుకు?"

రవిశంకర్ బిర్యానీ దాకా కూడా ఉండలేదు.

సాయంత్రానికి జనం పలచబడ్డారు. వంటింట్లో ధరణి గ్లాసులు కడుగుతుంటే యువరాజు తుడుస్తున్నాడు.

"ఒక మాట సెప్పొచ్చా?"

"వద్దు."

"నిన్న మీరు ఎల్లిపోయాక షాపంతా బోసిపోయింది. ఐసు కూడా సప్పగా ఉంది."

"ఐసు ఎప్పుడూ సప్పగానే ఉంటాది."

"అవునా? నాకు నిన్నే తెలిసింది."

ధరణి అతని చేతిలోంచి గ్లాసు లాక్కుని మళ్ళీ నీళ్ళ కింద పెట్టింది. "నా నోరు మంచిది కాదు. రోజూ పడలేవు."

"పడతాను. నచ్చింది నాకు."

"నచ్చిందంటే సరిపోద్దా? మీరేటి, మేమేటి? మా నాన్ననడిగే దమ్ముందా?"

"ఏటి?" వంటింటి గుమ్మంలోంచి గొంతు వినిపించింది. మన్మథరావు. వెనకాల ధనలక్ష్మి. "కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతున్నారు. ఏటి సంగతి?"

యువరాజు తుడుపుగుడ్డను పక్కన పెట్టి సూటిగా నిలబడ్డాడు. "ధరణిని పెళ్ళి సేసుకుంటానండి. తనకిష్టమైతే. మీరు ఒప్పుకుంటే."

నీళ్ళ కొళాయి కట్టేసి, "నాకిష్టమే నాన్నా," అంది ధరణి. జీవితంలో మొదటిసారి ఆ గొంతులో వెటకారం లేదు.

ధనలక్ష్మి గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మ! రవిశంకరోళ్ళకేటి సెప్తాం? ఈ పిల్లోడి కులమేటి, మన కులమేటి? మనోళ్ళేటంటారు?"

"మనోళ్ళా?" మన్మథరావు ఆమె వైపు తిరిగాడు. "రెండేళ్ళుగా మనోళ్ళు నాకేటిచ్చారు? ప్రతి ఫంక్షన్లో 'అయ్యో పాపం' అని జాలి పెట్టారు. ఈడొక్కడే గ్లాసిచ్చాడు."

ఆయన మందుల వేళలు రాత్రీపగలూ చూసిన మనిషి ధనలక్ష్మి. కొంగుతో కళ్ళొత్తుకుని, "పిల్లోడు నెమ్మదస్తుడే," అంది.

"పొంగిపోకు," అన్నాడు మన్మథరావు యువరాజుతో. "నువ్వు నాకు పూర్తిగా నచ్చలేదు."

"ఎప్పటికి నచ్చుతానండి?"

"నాకెవరూ నచ్చరు. మీ అత్త ముప్ఫై ఏళ్ళుగా ట్రయల్లోనే ఉంది. ఆదివారం డయాలసిస్ లేదు. మీ అమ్మానాన్నల్ని తీసుకురా, మాట్లాడదాం."

'మీ అత్త' అన్నాడని ముందు గ్రహించింది ధనలక్ష్మి. తర్వాత ధరణి. యువరాజుకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. అప్పటికి పెద్దవాళ్ళిద్దరూ వరండా దాటిపోయారు.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. యువరాజు ఏదో అనబోయాడు. ధరణి అతన్ని తల నుంచి కాళ్ళ దాకా, గుండా బద్దా అని తేల్చే చూపుతో చూసింది.

"ఆదివారం ఈ సిలకల సొక్కా ఏసుకుని రాకు."

అతను చొక్కా వైపు చూసుకున్నాడు. "ఇది కొత్తది. ఇయ్యాళ్టికోసమే కొన్నాను."

"తెలుత్తూనే ఉంది," అంది ధరణి. మెడ దగ్గర వంకరగా పెట్టుకున్న గుండీని విప్పి, సరిగ్గా పెట్టింది.