మేనత్త ఆకలి

మా కుట్టుషాపు కింద, ఇల్లు పైన. ఆ రోజు మధ్యాహ్నం నేను మిషను కుడుతుంటే, చెల్లి పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది. సన్నబడాలని నాలుగు రోజులుగా మంచినీళ్లతోనే గడుపుతోంది. "ఫ్యాను వెయ్యకండి, ఎగిరిపోతుంది" అని నేను ఎగతాళి చేశాను కూడా.

ఉన్నట్టుండి కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది.

ఆసుపత్రిలో తీసిన స్కానింగులన్నీ బాగానే ఉన్నాయన్నారు. నొప్పి మాత్రం తగ్గలేదు. మర్నాటికి చెల్లి చేతులు పైకి లేవలేదు. పరీక్షకని కిటికీలో పెట్టిన మూత్రం సీసా, ఎండ తగిలేకొద్దీ ముదురు ఎరుపుకు తిరిగింది. గదినిండా మందుల వాసన. దాని వెనకాల ఇంకో వాసన... ఏళ్ల తరబడి తలుపు తియ్యని గది వాసన.

చెల్లి మూలకి చూస్తూ గుసగుసలాడింది.

"అక్కా... ఆవిడకి ఆకలేస్తోందట."

"ఎవరికే?"

"చేతులు లేవట్లేదట. నోట్లో పెట్టమంటోంది..."

పక్కనే ఉన్న నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

డాక్టరమ్మ సీసా చూసి అడిగింది. "మీ వంశంలో ఎవరికైనా ఇలా వచ్చిందా?"

నాన్న తల వంచుకుని చెప్పాడు. "మా అక్కకి. ఇదే నొప్పి, ఇలాగే చేతులు పడిపోయాయి. లేని మనుషులతో మాట్లాడేది. దెయ్యం పట్టిందని గదిలో పెట్టి తాళం వేశారు. తిండి పెట్టకపోతే అదే వదిలిపోతుందన్నారు... ఆ గదిలోనే పోయింది."

"అది జబ్బండీ. పోర్ఫిరియా. తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కొందరిలో జన్మంతా బయటపడదు. పస్తులుంటే విరుచుకుపడుతుంది. లేనివి కనిపించడమూ అందులో భాగమే." వెంటనే గ్లూకోజు ఎక్కించింది.

చెల్లి మెల్లగా తేరుకుంది. ఇంటికొచ్చి మళ్లీ సూది పట్టింది. మూలన కూర్చున్నావిడ సంగతి అడిగితే, "ఎవరూ?" అని నవ్వింది.

ఆ తర్వాతే నాకు మొదలైంది.

పట్టపగలే. మిషను ఆపితే చాలు... దాని కింద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. మోకాలి పక్కన ఊపిరి.

"కాస్త పెట్టవే..."

ఎవరికీ చెప్పలేదు. నాకూ ఆ జబ్బే వచ్చిందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, రావాలనే కోరుకున్నాను. జబ్బయితే మందుంది కదా. నాన్నని వెంటబెట్టుకుని వెళ్లి ఇద్దరం పరీక్షకి రక్తం ఇచ్చాం.

ఫలితాలు చెప్పడానికి డాక్టరమ్మ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టింది. మొహం కళకళలాడుతోంది.

"మీ నాన్నగారిలో ఉంది. మీకు రాలేదమ్మా. మీరు నిక్షేపంగా ఉన్నారు."

నాన్న కళ్లు తుడుచుకున్నాడు. నేను నవ్వబోయాను...

బల్ల కింద, ఒళ్లో పెట్టుకున్న చేతికి తడి తగిలింది.

వంగి చూశాను. ఎవరూ లేరు.

నా కుర్తా చేతి అంచు మాత్రం నానిపోయి, ఎవరో నములుతున్నట్టు నలుగుతూ, కొద్దికొద్దిగా... మాయమవుతోంది.