ముక్కు తేలిన కారు

స్పానర్ తాతను చంపినవాడికి తొందర ఎక్కువ. టైర్లను వేడెక్కించే కరెంటు దుప్పటి వైరును ముసలాయన మెడకు చుట్టి, ట్రక్కు గోడకేసి మోకాలితో అదిమి, ప్రాణం పోయేదాకా లాగాడు. వైరు విప్పే ఓపిక లేక అలాగే వదిలేసి పోయాడు.

తాత ఆ రేసింగ్ టీమ్‌లో సీనియర్ మెకానిక్. రహస్యంగా మాత్రం గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు కళ్లూ చెవులూ ఆయనే. ఆ కళ్లు ఇప్పుడు ట్రక్కు కప్పును చూస్తున్నాయి.

ఏజెంట్ ముంగిస ఆయన గుప్పిట విప్పాడు. లోపల ఒక సీసం పలక. అరచేతికన్నా కాస్త పెద్దది. రెండు బోల్టు రంధ్రాలు, అంచున రక్తం.

"చచ్చేవాడు ఎదుటివాడి పీకో, తన పీకో పట్టుకుంటాడు. ఈయన సీసం ముక్క ఎందుకు పట్టుకున్నాడయ్యా?" అన్నాడు పెద్దసారు. ఆయన డిపార్ట్‌మెంట్ చీఫ్. కూర్చోవడానికి చోటు లేక టైర్ల దొంతర మీదకెక్కి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

జూనియర్ సింగిల్ సీటర్ ఛాంపియన్‌షిప్ కొత్త సీజన్ త్వరలో మొదలు కాబోతోంది. ఇవాళ మధ్యాహ్నం ప్రారంభోత్సవం. కార్లన్నీ ట్రాక్ మీద ఒక రౌండు కొట్టి స్టార్ట్ లైన్‌కు వస్తాయి. అక్కడ వేదిక మీద నిలబడి ముఖ్య అతిథి పచ్చజెండా ఊపుతాడు. ఆ అతిథి దేశానికి కొత్త రాడార్ తయారుచేసిన శాస్త్రవేత్త. ఆయన్ని లేపేయడానికి సరిహద్దు అవతలి తేలు ముఠా మనుషుల్ని దింపింది.

"బాంబు వేదిక కింద పెడతారని అత్తరు మేడమ్ కబురు పంపింది. స్క్వాడ్ అంతా అక్కడే ఉంది. మేడమ్ వచ్చి ‘స్లిక్కా, వెట్టా’ అని, అంటే ఎండ టైర్లా వాన టైర్లా అని అడిగితే ‘మబ్బుని అడుగు’ అను. మిగతాది ఆవిడే చెబుతుంది."

అత్తరు మేడమ్ ఈ టీమ్ స్పాన్సర్ కంపెనీ ప్రతినిధి. ముందు సువాసన వస్తుంది, తర్వాత ఆవిడ వస్తుంది, ఆ తర్వాత మగవాళ్లకు మతి పోతుంది. తేలు ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు పనిచేసే డబుల్ ఏజెంట్. ఒకప్పుడు ముంగిస ప్రాణం కాపాడింది. అందుకే ఆవిడ మాట మీద అతనికి గురి.

"ఇంకో సంగతి. ఈ టీమ్ డ్రైవర్ నీ మేనకోడలని నాకు ఇవాళే తెలిసింది. ఇబ్బందైతే చెప్పు, వేరేవాణ్ణి పెడతాను."

"నేనే ఉంటాను సార్."

"ఆ పిల్లకి నువ్వెవరో తెలుసా?"

"ఇన్సూరెన్స్ ఏజెంట్‌ననుకుంటుంది. మా అక్క కూడా అదే అనుకుంటుంది. సగం నిజమే కదా సార్."



ముంగిస నెలరోజులుగా ఆ టీమ్‌లో టైర్లు మార్చే పనివాడి వేషంలో ఉన్నాడు. పెట్టుడు గడ్డం, కంటికి పొర, చెవిలో వినికిడి మిషన్. టీమ్ రేడియోలో పలికే ప్రతి మాటా ఆ మిషన్‌లోకి వస్తుంది. మేనకోడలు చిట్టి రోజూ ఎదురుగా తిరుగుతూ ఉన్నా మావయ్యను పోల్చుకోలేదు. అందుకు అతనికి గర్వంగానూ ఉంది, కాస్త కష్టంగానూ ఉంది.

గ్యారేజీ వెనక నిలబడి ఉండగా అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, పిల్ల తింటోందో లేదో. పోయినసారి చూస్తే పుల్లలా అయిపోయింది. ఊళ్లు పట్టుకుని పాలసీలు అమ్ముకుంటావు కదా, ఒకసారి వెళ్లి నాలుగు ముద్దలు తినిపించి రాకూడదూ?"

"వెళ్తాలే అక్కా."

"నీ వెళ్తాలే నాకు తెలుసు."

లోపల చిట్టిని కూర్చోబెట్టి కారును తూకం వేస్తున్నారు. ఈ పోటీల్లో కారూ డ్రైవరూ కలిపి ఇంత బరువుండాలని రూలు. బక్కపల్చటి డ్రైవర్ అయితే ఆ తక్కువను పూడ్చడానికి పాదాల కింద నేలకు సీసం పలకలు బిగిస్తారు. చిట్టి కారులో వాటి దొంతరే ఉంటుంది.

"సరిపోయింది," అన్నాడు తూకం అధికారి.

టీమ్ ఇంజనీర్ తల ఊపాడు. ఎండ మండిపోతున్నా చేతులకు తోలు తొడుగులు వేసుకున్నాడు. అందరూ పచ్చజెండా హడావుడిలో ఉండి ఆ తొడుగుల సంగతి పట్టించుకోలేదు.

కార్లు గర్జించుకుంటూ ట్రాక్ మీదికి వెళ్లాయి. టీమ్‌వాళ్లంతా వేదిక దగ్గరికి పరుగెత్తారు. గ్యారేజీలో ముంగిస, హెడ్‌సెట్ పెట్టుకున్న ఇంజనీర్ మిగిలారు.

రేడియోలో చిట్టి గొంతు వచ్చింది.

"సార్, ముక్కు తేలిపోతోంది. స్టీరింగ్ తిప్పుతున్నా, ముందు టైర్లు పట్టట్లేదు. వెనక మాత్రం బరువు తోస్తోంది."

"టైర్లు చల్లగా ఉన్నాయమ్మా. కానివ్వు."

"టైర్లు కాదు సార్. నా కారు నాకు తెలీదా?"

ముంగిస చెయ్యి జేబులోని సీసం పలక మీద పడింది. పలకలు తీసేసి, ఆ చోట అదే ఆకారంలో పేలుడు మందు బిగించారు. మందు సీసమంత బరువుండదు. తూకంలో దొరక్కుండా వెనక ట్యాంకులో పెట్రోలు ఎక్కువ నింపారు. లెక్క సరిపోయింది గాని బరువు ముందు నుంచి వెనక్కి పోయింది. తూకాన్ని మోసం చెయ్యొచ్చు గాని కారుని మోసం చెయ్యలేరు. తాత అది పట్టుకున్నాడు, అందుకే చచ్చిపోయాడు. బాంబు వేదిక కింద లేదు. చిట్టి కాళ్ల కింద ఉంది.

"ఆ తొడుగులు తియ్యి," అన్నాడు ముంగిస, కారు బరువు లెక్కలు చూసే ఇంజనీర్‌తో.

ఇంజనీర్ చక్రాల నట్లు విప్పే వీల్ గన్ ఎత్తి కొట్టాడు. ముంగిస ఎడమ భుజంలో ఎముక పటుక్కుమంది. రెండో దెబ్బకు టూల్ ట్రాలీ బోర్లాపడింది. ఇంజనీర్ అతని మీద కూర్చుని రెండు చేతులతో పీక పిసికాడు. తోలు తొడుగు జారింది. అరచేతిలో వైరు కోసిన ఎర్రటి గాటు కనిపించింది.

"ఇది మా తాతది," అని ముంగిస సీసం పలకతో కణత మీద కొట్టాడు. మొదటి దెబ్బకు పట్టు సడలింది. రెండో దెబ్బకు మనిషి వాలిపోయాడు. మూడో దెబ్బ అవసరం లేదు గాని, కోపం వచ్చి కొట్టాడు.

హెడ్‌సెట్ లాగి మెడలో వేసుకున్నాడు. అంతలో సువాసన వచ్చింది.

"స్లిక్కా, వెట్టా?"

అత్తరు మేడమ్ ఒక చేతిలో సైలెన్సర్ పిస్తోలు, రెండో చేతిలో స్టాప్‌వాచ్. దాని మీద మామూలు వాచీకి ఉండని ఎర్ర మీట ఉంది.

"మబ్బుని అడుగు," అన్నాడు ముంగిస. "నా ప్రాణం ఎందుకు కాపాడావు మరి?"

"నమ్మకం కుదరాలి కదా. కదలకు. కారు వేదిక ముందుకి వచ్చేదాకా నీకు ఆయుష్షుంది."

ముంగిస కుడి చెయ్యి వీపు వెనక వేలాడుతున్న హెడ్‌సెట్ మీటను వెతికి నొక్కింది. మైకు గడ్డం కింద ఉంది. గొంతు పెంచాడు.

"అంటే మా చిట్టి పాదాల కింద ఉన్నది సీసం కాదు, బాంబు. పాపం దానికి తెలిస్తే కారుని పక్కనున్న కంకర గుంటలోకి తిప్పేసి, స్టీరింగ్ పీకి బయటపడి, టైర్ల గోడ వెనక్కి దూకేది."

"తెలీదుగా," అంది మేడమ్ నవ్వుతూ.

వినికిడి మిషన్‌లో సన్నటి గొంతు పలికింది. "మావయ్యా? నువ్వు ఇన్సూరెన్స్ ఆఫీసులో లేవా?"

"దూకు తల్లీ," అన్నాడతను.

మేడమ్ నవ్వు ఆగింది. గోడ మీది టీవీ తెరలో ఒక కారు వరుస తప్పి కంకరలోకి దూసుకుపోయింది. ఆమె చూపు అటు మళ్లిన రెప్పపాటులో ముంగిస ట్రాలీలోంచి కింద పడ్డ కత్తి తీసి వీల్ గన్‌కు ఒత్తిడి గాలి పంపే గొట్టం తెగనరికాడు. గొట్టం బుస్సుమని లేచి ఇనుప కొసతో ఆమె దవడ పగలగొట్టింది. పళ్లు, రక్తం నేలమీద చిందాయి. పడుతూ పడుతూనే ఆమె ఎర్ర మీట నొక్కింది.

భూమి అదిరింది. గ్యారేజీ అద్దాలు రాలిపడ్డాయి. తెర నిండా నల్లటి పొగ.

ముంగిస గొంతులోంచి వచ్చింది అరుపో ఏడుపో అతనికే తెలియలేదు. మేడమ్ పిస్తోలు ఎత్తింది. అతను ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి మెలిపెట్టాడు. గుండు ఆమె గుండెలోంచే పోయింది. చేసిన మేలు గుర్తొచ్చింది గాని, పట్టు వదల్లేదు.

ట్రాక్ మీద పరుగెత్తాడు. విరిగిన భుజం వేలాడుతోంది, గడ్డం సగం ఊడిపోయింది. దూరంగా వేదిక మీద శాస్త్రవేత్త పచ్చజెండా పట్టుకుని, ఊపాలో వద్దో తెలియక నిలబడ్డాడు.

పొగలోంచి ఒక బక్కపల్చటి ఆకారం కుంటుకుంటూ వచ్చింది. ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో పీకిన స్టీరింగ్. ముంగిస చిట్టిని ఒంటిచేత్తో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మావయ్యా, సీజన్‌కి కొత్త కారిస్తారా?" అంది చిట్టి దగ్గుతూ. "నెలరోజులుగా నా టైర్లు మార్చింది నువ్వా?"

జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది.

"టీవీలో ఏదో పొగ చూపిస్తున్నారేంట్రా? పిల్ల బాగుందా?"

"బాగుంది అక్కా. నా పక్కనే ఉంది."

"వెళ్లావా, మంచిపని చేశావు. తిందా?"

ముంగిస మేనకోడలి బొమికల చేతులను చూశాడు. ఈ పిల్ల పూటపూటా ఇంకో నాలుగు ముద్దలు తిని ఉంటే తేలు ముఠాకు బాంబు పెట్టుకునే చోటే దొరికేది కాదు.

"లేదక్కా," అన్నాడు. "ఇవాళ్టి నుంచి దీని భోజనం సంగతి డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది."