ఆమెన్ తర్వాత సంతకం

ప్రార్థన అయ్యాక కాగితం చదవడమంటే దేవుణ్ణి అనుమానించడమా? ఈ ప్రశ్న ప్రభుదాసు మనసులో ఇరవై ఏళ్లుగా ముల్లులా ఉండిపోయింది. పాస్టరుగారిని అడగాలంటే మొహమాటం. భార్యను అడగాలంటే భయం. అడిగితే కరుణమ్మ ఏదో ఒకటి అంటుందని కాదు ఆ భయం, ఏమీ అనదని.

ఆ శనివారం తార్నాకలో వాళ్లిల్లు ఎప్పటిలాగే నిద్రలేచింది. కరుణమ్మ ట్యూషన్ పిల్లల నోటుపుస్తకాలు పక్కకి సర్ది ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతోంది. గ్లోరీ అలమారా తలుపు తీసి, లోపలివైపు అంటించుకున్న కాగితం మీద పెన్సిల్‌తో టిక్కులు పెడుతోంది. బీఏ రెండో ఏడాది పిల్ల. లా కాలేజీలో చేరడానికి ప్రవేశపరీక్ష ఇంకా ఏడాది పైమాటే. అయినా ఆ కాగితం నిండా ఏర్పాట్లే. ఒక్క సబ్జెక్టూ మిగలకూడదు. రాజ్యాంగం రెండోసారి చదవాలి. పాత ప్రశ్నపత్రాలు వారానికొకటి. సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైల్లో. శనివారాలు క్యాంపస్‌కి వెళ్లి, లా విద్యార్థులు లాయర్లలా నిలబడి వాదించుకునే మూట్ కోర్టు చూడాలి. అక్కడ చదువుతున్న స్నేహితురాలు కౌముది ఆమెకు చోటు పట్టి ఉంచుతుంది.

"డిగ్రీయే అవలేదు. అప్పుడే ఏం తొందరే?" అన్నాడు ప్రభుదాసు.

"ఇప్పుడు మొదలుపెడితే అప్పుడు తొందరుండదు డాడీ."

ఆయన మాట మార్చాడు. తొమ్మిదింటికి ప్రేమ్ కుమార్ వస్తున్నాడని కూతురికి చెప్పలేదు. ప్రేమ్ కుమార్ వాళ్ల చర్చి సంఘ పెద్ద, వారాసిగూడలో సంఘం నడిపే స్కూలుకి కరస్పాండెంటు. డిగ్రీ కాగానే గ్లోరీకి సంఘం కాలేజీలోనే ఫీజు లేకుండా బీఎడ్ సీటు, ఆ తర్వాత స్కూల్లో ఐదేళ్లు ఉద్యోగం అని మాటిచ్చాడు. యూనివర్సిటీ ఆఫీసులో ప్రభుదాసుకి ఇంకా మూడేళ్లే సర్వీసుంది. రిటైరయ్యేలోపు పిల్ల ఒక దారిలో పడితే చాలు. ఆయనకది తన ప్రార్థనలకు జవాబులాగే కనిపించింది.

ప్రేమ్ కుమార్ వందనాలు చెప్పి కూర్చుని, కాఫీ తాగి, పది నిమిషాలు ప్రార్థన చేశాడు. ప్రభుదాసు షుగరు కోసం, కరుణమ్మ మోకాళ్ల కోసం, గ్లోరీ భవిష్యత్తు కోసం. అందరూ ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి టీపాయ్ మీద కాగితాలు, వాటి మీద మూత తీసిన పెన్ను ఉన్నాయి.

గ్లోరీ పెన్ను పక్కన పెట్టి కాగితాలు తీసుకుంది. చదవసాగింది. ఒక పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. ప్లేట్లలో ఉప్మా చల్లారిపోతోంది. చివరి కాగితం దగ్గర చాలాసేపు ఆగి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లిని ఒకసారి చూసి, దాని మూల మడిచింది.

"ఏంటమ్మా, పరీక్షకి చదివినట్టు చదువుతున్నావ్?" ప్రేమ్ కుమార్ నవ్వాడు.

"డిగ్రీ అవగానే నా ఒరిజినల్స్ ఐదేళ్లు మీ దగ్గరుండాలని రాశారంకుల్. మరి లా కౌన్సెలింగ్‌లో నేనేం చూపించాలి?"

కోర్టులూ వాదనలూ విశ్వాసుల పిల్లలకెందుకని ఆయన కాసేపు బోధించాడు. టీచరు ఉద్యోగం ఆడపిల్లకి ఎంత గౌరవమో చెప్పాడు. గ్లోరీ కాగితాల మీద నుంచి వేలు తీయకపోవడంతో ప్రభుదాసు వైపు తిరిగాడు.

"ప్రార్థన చేసుకున్నాం కదా బ్రదర్. ఇంకా అనుమానమా?"

ప్రభుదాసు ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఏళ్ల కిందట ఇదే మాట తను కరుణమ్మతో అన్నాడు. అప్పట్లో ఆమె అదే స్కూల్లో టీచరు. జూన్‌లో టీచర్లందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేసి కాగితాలు పంచారు. "ఒక్కసారి చదువుదామండీ" అని ఆమె అంటే, తనే పెన్ను చేతికిచ్చి సంతకం పెట్టించాడు. గ్లోరీ కడుపులో ఉందని సెలవడిగిన రోజున ఆ కాగితం బయటికొచ్చింది. అది రాజీనామా. అప్పటివరకూ తేదీ లేకుండా ఉంది, ఆ రోజు తేదీ వేశారు.

అదంతా గుర్తొచ్చినకొద్దీ ఆయనకు కోపం పెరిగింది, అదీ కూతురి మీదే. "సంతకం పెట్టు గ్లోరీ. పెద్దాయన ముందు పరువు తీయకు."

"పెట్టను డాడీ. ప్రార్థన దేవుడితో చేశాను. సంతకం అంకుల్‌కి పెట్టమంటున్నావు. రెండూ ఒకటి కాదు." ఆ పిల్ల కాగితాలు టీపాయ్ మీద పెట్టేసింది. "ఆఫీసులో మూడుసార్లు చదవందే ఫైలు పక్క టేబుల్‌కి పోనివ్వవు. ఇంట్లో నేను ఒక్కసారి చదివితే పాపమా?"

ప్రభుదాసు చెయ్యెత్తి లేచాడు.

"ఆగండి," అంది కరుణమ్మ గుమ్మంలోంచే. "అది చదివింది. ఆ రోజు నేను చదవలేదు. అంతే తేడా."

ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన అలాగే నిలబడిపోయాడు. సోమవారం దాకా చూస్తానని ప్రేమ్ కుమార్ కాగితాలు అక్కడే వదిలి వెళ్లాడు. గ్లోరీ బ్యాగు తగిలించుకుని, ప్రతి శనివారంలాగే క్యాంపస్‌కి వెళ్లింది.

ఇంట్లో ఉండలేక కాసేపటికి ప్రభుదాసు కూడా ఆ కాగితాలు పట్టుకుని క్యాంపస్ దారి పట్టాడు. రోజూ ఆఫీసుకి పోతూ చూసే లా కాలేజీ ముందు మొదటిసారి ఆగాడు. కిటికీలోంచి చూస్తే హాల్లో ఎవరో కుర్రాడు నల్లకోటు వేసుకుని వాదిస్తున్నాడు. వెనక వరసలో గ్లోరీ తల వంచుకుని నోట్సు రాసుకుంటోంది. పొద్దున ఇంట్లో అంత జరిగినా, ఒక్క మాటా వదలకుండా.

ఆయన మెట్ల మీద కూర్చుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ప్రార్థన చేసిన కాగితాన్ని జీవితంలో మొదటిసారి చదివాడు. మూల మడిచిన ఆఖరి కాగితం దగ్గరికొచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. రాజీనామా. తేదీ ఉండాల్సిన చోటు ఖాళీ. గ్లోరీ అది చూసింది. తల్లి ముందు పైకి చదవలేక నోట్లోనే దాచుకుంది.

'తండ్రీ, కళ్లు మూసుకోమన్నది నువ్వా, నేనా?' అని అడిగాడు. జవాబు కోసం ఎక్కువసేపు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

సోమవారం వారాసిగూడ వెళ్లి సంతకం లేని కాగితాలు ప్రేమ్ కుమార్ టేబుల్ మీద పెట్టాడు. "మా అమ్మాయి లా చదువుతుంది బ్రదర్. ఆ ఆఖరి కాగితం ఇంకెవరి పిల్లకీ ఇవ్వకండి. ఇస్తే ఈసారి సంఘంలో నేనే లేచి చదువుతాను." జవాబు కోసం ఆగకుండా బయటికొచ్చి, వరండాలో కూర్చున్న ముసలి అటెండరు గట్టయ్య దగ్గర నిలబడ్డాడు. అడగడానికి సిగ్గేసింది. అయినా అడిగాడు.

"కరుణ టీచర్ డబ్బానా సార్? గీడనే ఉన్నది. సుద్దముక్కలు ఏస్తున్న అండ్ల. ఎప్పుడన్న వస్తరని పారెయ్యలే."

సాయంత్రం ఇంటికొచ్చి ఆ స్టీలు డబ్బాని తనే చింతపండు పెట్టి తోమాడు. మూత మీద చెక్కిన పేరు మెల్లగా తేలింది. కరుణ. ఉద్యోగం పోయిన రోజున స్టాఫ్‌రూములో ఉండిపోయిన టిఫిన్ డబ్బా అది. "రేపు తెస్తాలే" అని ఆ రోజు మాటిచ్చాడు. ముఖం చెల్లక ఎన్నడూ వెళ్లలేదు.

తడి డబ్బాని భార్య చేతిలో పెట్టాడు. "తెస్తానన్నాగా," అన్నాడు.

కరుణమ్మ తన పేరుని వేలితో నిమిరింది. కళ్లు నిండాయి. "మీ రేపు ఇప్పటికి వచ్చిందన్నమాట," అంది.

మర్నాడు పొద్దున అందులో పులిహోర సర్ది, మూత బిగించి, గ్లోరీ బ్యాగులో రాజ్యాంగం పుస్తకం పక్కన పెట్టింది.