చివరి ఇంటి కుళాయి

తెల్లవారుజామున ఐదున్నరకు వాల్వు తిప్పి పేటకు నీళ్ళు వదలడం అతని ఉద్యోగం. ట్యాంకు నిండిందని పుస్తకంలో రాసేసి ఇంటికి పోయే రకం కాదు. సైకిలు తొక్కుకుంటూ చిట్టచివరి ఇంటిదాకా వెళ్ళి, ఆ కుళాయి విప్పి, ధార వేళ్ళకు తగిలితేగాని అతని మనసు కుదుటపడదు. తోటివాళ్ళు చాదస్తం అంటారు. అంటే అననీ అని ఊరుకుంటాడు.

ఆ ఉదయం చివరి ఇంటి ముందు ఉండగానే భార్య ఫోను చేసింది. అత్తయ్య వణికిపోతున్నారని, పిలిస్తే పొంతన లేకుండా మాట్లాడుతున్నారని చెప్పింది. రెండు రోజులుగా జ్వరం వస్తున్నా ఎవరితోనూ అనకుండా కూర్చుందా మహాతల్లి. అతను సైకిలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాడు. ఎనిమిదింటికల్లా అమ్మ ఐసీయూలో ఉంది.

ఆ ఐసీయూలోనే అతని చెల్లెలు నర్సు. ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఒకరి గడప ఒకరు తొక్కరు, మధ్యలో అమ్మే అటూ ఇటూ తిరుగుతూ కబుర్లు మోసేది. మూడేళ్ళ క్రితం నాన్న ఇదే వార్డులో ఉన్నప్పుడు, అంకెలన్నీ బాగున్నాయి, నువ్వు నిశ్చింతగా డ్యూటీకి వెళ్ళు అని చెల్లెలే పంపించింది. వెళ్ళాడు. సాయంత్రానికి నాన్న లేడు. ఆ మాటను అతను ఇంతవరకూ క్షమించలేదు.

మూత్రపిండంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని, దాన్ని సెప్సిస్ అంటారని పెద్ద డాక్టరమ్మ చెప్పింది. మందులు, సెలైన్లు ఎక్కించారు. స్కానింగు మర్నాడు పొద్దున అన్నారు. మధ్యాహ్నానికి బీపీ నిలబడింది, వేలికి పెట్టిన క్లిప్పు ఆక్సిజన్ తొంభై ఎనిమిది చూపించింది. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది. భార్యకు ఫోను చేసి గండం గడిచిందని చెబుతుండగానే చెల్లెలు ఒక కాగితం పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"సంతకం కావాలి. అమ్మ అరచేతికి ఒక సెన్సార్ అతికిస్తారు. కండలోకి ఆక్సిజన్ ఎంత చేరుతోందో అది చెబుతుంది. ఇక్కడ ఇంకా పరిశోధనలోనే ఉంది. నేను ఈ వార్డు మనిషిని కాబట్టి నా సంతకం చెల్లదు."

"తొంభై ఎనిమిది ఉందిగా. అమ్మ మీద ప్రయోగాలెందుకు?"

"ఆ అంకె నాకు నమ్మబుద్ధి కావడం లేదు."

అతనికి ఒళ్ళు మండింది. "ఆ రోజు అంకెలు బాగున్నాయని నన్ను పంపించేశావు. ఇవాళ బాగున్న అంకెల్ని నమ్మొద్దంటున్నావు. నీ మాటల్లో ఏది నమ్మమంటావు?"

బెంచీల మీదున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. చెల్లెలు చూపు తిప్పుకోలేదు.

"ఆ రోజు నేను మానిటర్ తెర ఒక్కటే చూశానన్నయ్యా. దుప్పటి ఎత్తి నాన్న మోకాళ్ళు చూడలేదు. చూసుంటే తెలిసేది. ఈ మాట మూడేళ్ళుగా ఎవరికీ చెప్పలేకపోయాను. ఇందాక అమ్మ దుప్పటి ఎత్తాను. మోకాళ్ళ మీద వంకాయరంగు మచ్చలున్నాయి, పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఆ క్లిప్పు ట్యాంకులో నీళ్ళున్నాయనే చెబుతుంది. చివరి ఇంటికి చేరుతున్నాయో లేదో చూడాలి."

అతనికి ఆ దుప్పటి గుర్తొచ్చింది. ఆ రోజు డ్యూటీకి వెళ్ళేముందు తాను కూడా అదే దుప్పటి పక్కన నిలబడ్డాడు. దాన్ని మెడదాకా సర్ది మరీ వెళ్ళాడు. చెల్లెలి చేతిలోంచి పెన్ను లాక్కుని సంతకం చేశాడు.

అద్దం బయట ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. లోపల డాక్టరమ్మ అమ్మ బొటనవేలి కింద కండకు సెన్సార్ అతికించి, జబ్బకు పట్టీ కట్టి రక్తం కాసేపు ఆపింది. అంకె దిగింది. పట్టీ వదలగానే చివ్వున పైకి లేవాలని చెల్లెలు చెప్పింది. లేవలేదు. నత్తలా పాకుతూ పాకుతూ ఎక్కింది. డాక్టరమ్మ దుప్పటి ఎత్తి మోకాళ్ళూ చూసింది. ముఖం మారిపోయింది.

ఆ తర్వాత అంతా ఉరుకులు పరుగులే. స్కానింగు అప్పటికప్పుడే జరిగింది. మూత్రనాళంలో రాయి అడ్డుపడి, దాని వెనక చీము కట్టి ఉందట. గుండె కూడా నీరసంగా కొట్టుకుంటోందని మరో మందు మొదలుపెట్టి, వీపులోంచి గొట్టం వేసి చీము తీశారు. రేపటిదాకా ఆగి ఉంటే నేనేమీ చేయగలిగేదాన్ని కాదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. అతను చెల్లెలి భుజం పట్టుకున్నాడు.

సాయంత్రం మళ్ళీ పట్టీ బిగించారు. అంకె దిగింది. వదిలారు. నలభై ఎనిమిది, యాభై తొమ్మిది, డెబ్బై రెండు!

"ఎక్కిందే! చూడవే, ఎక్కింది!" అని ఐసీయూ అన్న సంగతి మరిచిపోయి అరిచేశాడు. గదమాయించాల్సిన నర్సు అతని చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఆ రోజు నేను మాత్రం చూశానా? తప్పంతా నీ నెత్తిన రుద్ది నేను తప్పించుకున్నాను. నన్ను క్షమించవే" అన్నాడు. ఇక అతనికీ ఏడుపు ఆగలేదు.

మర్నాడు ఉదయం ఇద్దర్నీ లోపలికి పంపారు. మోకాళ్ళ మీద మచ్చలు చాలావరకు పోయాయి. చెల్లెలు ఒక చేయి, అతను ఒక చేయి పట్టుకున్నారు. రెండూ వెచ్చగా ఉన్నాయి. అమ్మ మెల్లగా కళ్ళు విప్పి కొడుకుని చూసింది, పక్కనే ఉన్న కూతుర్ని చూసింది. నాన్న పోయిన రోజు తర్వాత ఆ ఇద్దర్నీ ఒకచోట చూడటం ఆవిడకు ఇదే మొదలు. మాస్కులోంచి గాబరాగా అడిగింది.

"ఎవర్రా పోయింది?"

"ఎవరూ పోలేదమ్మా" అన్నాడు అతను. "ఊరికే, నిన్ను చూద్దామని ఇద్దరం కలిసి వచ్చాం."