పోచన్న ఎక్కిన కొక్కెం

ఆర్మూర్ పసుపు మార్కెట్ ఎనక మూడో నంబరు గోదాం అంటే, దీపాలు పెట్టినంక ఎవలు అటు మొఖాన పోకపోయేది. ఏమంటే... చీకటి పడంగనే లోపటి నుంచి గుసగుస ఇనవడేది — "రాకు... రాకు..." అని. వద్దన్న జాగకు ఎవలు పోతరు? ఎడ్లబండ్లు గూడ చుట్టు తిరిగి పోయేటియి.

ఇది ఎనభై తొమ్మిది నాటి సంగతి. మా పెద్దమ్మ కొడుకు గంగాకిషన్ కండ్లార చూసి చెప్పిన ముచ్చట.

ఆ గోదాంల పోచన్న అని హమాలీ మేస్త్రి ఉండె. పసుపుల పుట్టి పసుపుల పెరిగిన మనిషి, ఆఖరికి పచ్చకామెర్లతోనే పోయిండు. శివుడు గట్ల రాసిండు, ఏం చేస్తం. మంచోడే గని ఒక్క గుణం ఉండె — చెప్పినదానికి ఉల్టా చేసుడు. కూసోమంటే లేస్తడు, లెవ్వమంటే పంటడు. పెండ్లాం భూమవ్వ ముప్పై ఏండ్లు ఉల్టా మాట్లాడే సంసారం నడిపింది. "బువ్వ తినకు" అంటే పీట ఏసుకొని కూసునేటోడు. "అంగడికి పోకు" అంటే సంచి పట్టుకొని ఉరికేటోడు. పోను పోను ఆ ఇంట్ల అదే భాష అయింది. ఆమెను దగ్గరికి పిలవాలంటే ఆయన "ఆడ్నే ఉండు" అనేటోడట. ఆమె లేచి వచ్చేదట.

పోచన్న దినాలనాడే గాలివానకు ట్రాన్స్‌ఫారం పేలింది. కరెంటోళ్లు కొత్తది పెట్టి, తీగెలు కలిపి పోయిండ్రు. తెల్లారి హమాలీలు బస్తా కట్టి, అటక మీదికి గుంజే మోటరుకు పచ్చ బటన్ ఒత్తిండ్రు. పచ్చది పైకి, ఎర్రది కిందికి. గని కొక్కెం... కిందికి దిగింది. ఎర్రది ఒత్తిండ్రు. పైకి పోయింది!

చిన్నయ్య అనే హమాలీ బటన్ల డబ్బ ఇడిసిపెట్టి రెండు చేతులు జోడించిండు. "పోచన్ననే! మోటర్ల సొచ్చిండు!"

ఇగ పని ఆగొద్దాయె. పైకి కావాలంటే ఎర్రది ఒత్తుడు, "కిందికి దిగు పోచన్నా" అని దండం పెట్టుడు. మోటరుకు బొట్టు పెట్టిండ్రు. రోజు సగం గిలాస కల్లు పోసిండ్రు. సావుకారు ధర్మయ్య మురిసిపోయిండు. "బతికున్నప్పటికన్న ఇప్పుడే బుద్ధిగ పని చేస్తుండు," అన్నడు.

రెండు నెలలు గట్లనే నడిచింది. ఆనక కొక్కెం ఇనుప తాడు పోగులు పోగులు తెగుడు షురూ అయింది. అప్పుడు ధర్మయ్య పిలిపించిండు గంగాకిషన్‌ను.

గంగాకిషన్‌ది అంకాపూర్ తొవ్వల మోటర్లు బాగుచేసే దుకాణం. సంగతి ఇని కడుపు పట్టుకొని నవ్విండు. "కరెంటోళ్లు మూడు తీగెలల్ల రెండింటిని తారుమారు చేసిండ్రు సావుకారీ. మోటరు ఉల్టా తిరుగుతుంది. పోచన్న లేడు, గీచన్న లేడు."

మల్ల నవ్వు ఆగిపోయింది. "గని ఇది నవ్వే ముచ్చట గాదు. కొక్కెం దూలానికి తాకకముందే ఆపే స్విచ్చు పచ్చ బటన్‌కే కట్టి ఉంటది. మీరు ఎర్రదాంతోని పైకి గుంజుతున్నరు. ఎవని చూపన్న జర పక్కకు పోతే ఇగ ఆపే దిక్కు లేదు. బస్తా ఎవని నెత్తినో పడుతది."

"అయితే ఇయ్యాల్నే చెయ్యి," అన్నడు ధర్మయ్య. "నేనైతే రాను."

గంగాకిషన్ పోయేటాళ్లకు పొద్దు గూకింది, కరెంటు పోయింది. హమాలీలు ఒక బస్తను నడిమిట్లనే ఇడిసి ఇండ్లకు పోయిండ్రు. అది అట్లనే గాలిల యేలాడుతుంది. మోటరును ముట్టేటోడు ముందుగాల మెయిన్ దించాలె... గోడ పొంటి తడుముకుంట నడిచిండు. నాలుగడుగులు... ఐదు...

"రాకు..."

కాలు ఆగిపోయింది.

"కిందికి రాకు... నన్ను చూడకు... ఒక్క మాట గూడ మాట్లాడకు..."

ఆడమనిషి గొంతు. బస్తా కిందికెల్లి.

సిద్ధులగుట్ట శివయ్యా అనుకున్నడు గంగాకిషన్. చేతికి ఏదో తాకితే ఆసరా అని గట్టిగ పట్టుకున్నడు... అది బటన్ల డబ్బ. బొటనేలు ఎర్రదాని మీద. భయానికి బిగిసిన పిడికిలి ఇప్పుదామన్నా ఇప్పరాదు.

అప్పుడే — కరెంటొచ్చింది.

బల్బు ఎలిగింది. మోటరు గుర్రుమన్నది. బస్తా పైకి లేసింది. దాని కింద, చీపురు ఒళ్లె పెట్టుకొని, మెడ పైకెత్తి... భూమవ్వ! రాలిన పసుపు ఊడ్సుకునుడు అయిపోయి, రోజు లెక్కనే మొగనితోని ముచ్చట పెడుతుంది.

ఆపే స్విచ్చు ఆపలే. కొక్కెం దూలానికి కొట్టుకుంది — ఢాం! పిడికిలి అప్పుడు ఇడిసింది. గని బస్తా కట్టిన తాడు జారుతుంది... ఒక చుట్టు... ఇంకో చుట్టు...

"లే అవ్వా! ఇవుతలికి రా!"

భూమవ్వ కొక్కెం మీదికెల్లి చూపు తిప్పలే. మొఖం ఎలిగిపోయింది. "మాట్లాడినవా..." అని, లే అన్నందుకు ఇంకింత మంచిగ సర్దుకొని కూసున్నది.

గంగాకిషన్‌కు అందరు చెప్పుకునే ఆ ఇంటి భాష యాదికొచ్చింది. "లెవ్వకు! ఆడ్నే ఉండు! ఆడ్నే ఉండు!"

"వస్తున్న, ఆగు," అని లేచి రెండడుగులు ఏసింది.

ధబ్!

ఆమె కూసున్న జాగల బస్తా పలిగింది. లేసిన పసుపు కిందికి దిగేసరికి ఇద్దరు తల నుంచి కాళ్ల దాక పచ్చగ అయిండ్రు, పెండ్లినాడు నలుగు పెట్టినట్టు.

బల్బు తీగె వేరే. గంగాకిషన్ మోటరు మెయిన్ దించి, ఫీజులు పీకి, రెండు తీగెలు మార్చిండు. మల్ల కరెంటిచ్చి డబ్బ ఆమె చేతుల పెట్టిండు. "ఒత్తు అవ్వా."

పచ్చది ఒత్తింది. కొక్కెం పైకి పోయి, దూలానికి జానెడు కిందనే టక్కున ఆగింది. ఎర్రది ఒత్తింది. కిందికొచ్చింది. మల్ల పైకి పంపింది.

భూమవ్వ డబ్బ ఇడిసిపెట్టింది.

"చెప్పినట్టు ఇంటుంది," అన్నది మెల్లగ. "అయితే మా ఆయన గాదు."

గంగాకిషన్ కొత్త తాడు ఏసేదాక ఎవలు నడపొద్దని మోటరు మెయిన్ దించి, మూడు ఫీజులు పీకి అంగి జేబుల ఏసుకున్నడు. ఆమెను పట్టుకొని తలుపు దాక నడిపించిండు.

గడప మీద భూమవ్వ ఎనకకు మర్లింది. ముప్పై ఏండ్లల్ల మొదటిసారి, మొగనికి సక్కని మాట సక్కగనే చెప్పింది.

"ఇగ పో. నా కోసం రాకు. సల్లగుండు."

గోదాంల సప్పుడు లేదు.

కిర్రు... మన్నది.

కొక్కెం కిందికి దిగుతుంది. తొందర లేకుంట... జానెడు... మూరెడు... మనిషి ఎత్తుకు వచ్చి ఆగింది.

గంగాకిషన్ జేబు తడుముకున్నడు. మూడు ఫీజులు జేబుల్నే ఉన్నయి.

"బ్రేకు... బ్రేకు జారింది అవ్వా," అన్నడు.

భూమవ్వ పసుపు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కిసకిస నవ్వింది.

"చూసినవా బిడ్డా... ఎన్నడన్న ఇన్నడా?"